ముప్పై మందికి మించని పాఠం

ఈ మధ్య భవానీపురంలో నాకు పరిచయమున్న ముగ్గురు యువ మిత్రులు ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగారు. ఒకరు ఫిజియోథెరపిస్టు, ఒకరు పోషకాహార నిపుణురాలు, మరొకరు యోగా ఉపాధ్యాయుడు. ముగ్గురూ తమ తమ విషయాలపై ఆన్‌లైన్ కోర్సు ప్రారంభించి, రుసుము తీసుకొని బోధించాలనుకుంటున్నారు. అయితే వారికి తెలిసినవారూ, వాట్సాప్‌లో వారి మాట వినేవారూ అంతా కలిపినా రెండు వందల మందికి మించరు. "ఇంత తక్కువ మందితో మొదలుపెట్టవచ్చాండీ? ముందు వేలల్లో జనాన్ని పోగుచేసుకోవాలా?" అన్నది వారి సందేహం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదలుపెట్టవచ్చు. రుసుము తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఆరోగ్య విషయాల్లో తక్కువ మంది ఉండటం లోపం కాదు, రక్షణ. బోధించేవాడు తన ఎదుట ఉన్న ప్రతి ఒక్కరూ ఏ మందులు వాడుతున్నారో తెలుసుకోగలిగినంత వరకే ఆరోగ్య పాఠం క్షేమకరం. ఆ సంఖ్య దాటిన తరువాత అదే పాఠం కొందరికి మేలు, కొందరికి హాని చేస్తుంది. ఎవరికి హాని జరిగిందో బోధించినవాడికి తెలియను కూడా తెలియదు.

బోధన కూడా చికిత్సే

ఆరోగ్య బోధనను వైద్యానికి తోకగా భావించేవారు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. శాస్త్రం ఆ మాటను సమర్థించదు. అమెరికాలో 3,234 మందిపై జరిపిన మధుమేహ నివారణ పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. మధుమేహం రాబోయే స్థితిలో ఉన్నవారిని మూడు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు, ఒక వర్గానికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మూడవ వర్గానికి ఆహారం, వ్యాయామం, బరువు గురించి ఇరవై నాలుగు వారాలలో పదహారు పాఠాలు, ఒక్కొక్కరికి విడిగా చెప్పారు. ఉత్తుత్తి మాత్రల వర్గంతో పోలిస్తే మెట్‌ఫార్మిన్ మధుమేహాన్ని 31 శాతం తగ్గించగా, పాఠాలు 58 శాతం తగ్గించాయి.

అంత ఖర్చు మన దేశంలో సాధ్యమా అంటే, దానికీ సమాధానం ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం దక్షిణ భారతదేశంలో 537 మంది ఉద్యోగస్థులైన పురుషులపై జరిపిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. సగం మందికి ఆహార, వ్యాయామ సూచనలను సెల్‌ఫోను సందేశాలుగా తరచుగా పంపారు. రెండేళ్లలో సందేశాలు అందుకున్నవారిలో 18 శాతం మందికీ, అందుకోనివారిలో 27 శాతం మందికీ మధుమేహం వచ్చింది. చిన్న సందేశమైనా సక్రమంగా, సమయానికి అందితే జబ్బును ఆపగలదు.

కాబట్టి పోషకాహార నిపుణురాలు కోర్సు పెడతానంటే నేను ఆనందిస్తాను. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఒక్కొక్క రోగికి దక్కే రెండు మూడు నిమిషాలలో మేము చెప్పలేకపోయిన మాటలు చెప్పడానికి ఆమెకు తీరిక ఉంటుంది.

ఈ ప్రాంతానికి ఇది కొత్త కాదు

కృష్ణా తీరానికి ఆరోగ్య బోధన కొత్త కాదు. విజయవాడ వైద్యుడు డాక్టర్ గోపరాజు సమరం పత్రికలలో ప్రశ్నలు, సమాధానాల రూపంలో, పుస్తకాల రూపంలో దశాబ్దాల పాటు సామాన్యుల భాషలో వైద్య విజ్ఞానం అందించారు. ప్రకాశం బ్యారేజీ దాటి వెళితే మంతెన సత్యనారాయణ రాజు గారి ప్రకృతి జీవన ఆశ్రమం ఉంది. కొన్నేళ్ల క్రితం వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార విధానం ఈ ఊరి నుంచే రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆయన సభలకు జనం వేలల్లో వచ్చారు, టీవీలలో వైద్యులతో వాదోపవాదాలు జరిగాయి. వీరి పద్ధతుల మంచిచెడ్డల విచారణ ఇక్కడ నా ఉద్దేశం కాదు. ఆరోగ్యం గురించి తెలుగులో, ఓపికగా చెప్పేవారి కోసం జనం ఎంత ఆకలితో ఉన్నారో చూపడానికే ఈ ఉదాహరణలు.

చదువు అందించడానికి ముందుగా చందాలు కట్టించుకోవడం కూడా మనకు కొత్త కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో చరిత్ర, శాస్త్ర గ్రంథాలను చందాదారుల అండతోనే ప్రచురించింది. ఆ కృషిలో పాలుపంచుకున్న అయ్యదేవర కాళేశ్వరరావు గారు మన బెజవాడ వారే. వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి గారు జీవశాస్త్రం రాసిందీ ఆ మండలి కోసమే. పుస్తకానికి ముందు పాఠకుణ్ణి వెతుక్కున్న ఆ పద్ధతి నేటి కోర్సు నిర్వాహకులకూ పనికివస్తుంది.

ఇప్పుడు అమ్ముతున్న తీరు

నేడు ఫోను తెరిస్తే కనిపించే పద్ధతి వేరు. మొదట 99 రూపాయలకు, లేదా ఉచితంగా, రెండు గంటల సదస్సు ఉంటుంది. అందులో గంటన్నర సేపు భయం చెబుతారు: కిడ్నీలు పోతాయి, కాళ్లు తీసేస్తారు, డాక్టర్లు మిమ్మల్ని జీవితాంతం మాత్రలకు కట్టిపడేస్తారు. చివరి అరగంటలో వేల రూపాయల కోర్సును చూపించి, "ఈ రాత్రి పన్నెండు గంటల వరకే ఈ ధర, ఇంకా రెండే సీట్లున్నాయి" అంటారు. తెర మీద గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. మర్నాడు చూస్తే అదే ధర, అవే రెండు సీట్లు.

ఇది కేవలం అమర్యాద కాదు, నిబంధనలకు విరుద్ధం కూడా. వినియోగదారులను మభ్యపెట్టే అమ్మకపు ఎత్తుగడలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీ చేసింది. వాటిలో పేర్కొన్న పదమూడు పద్ధతులలో లేని తొందరను సృష్టించడం ఒకటి. అసలు ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడం, ఒకసారి చేరితే బయటకు రానివ్వని చందాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చీరల దుకాణంలో ఇటువంటి తొందర వల్ల పోయేది డబ్బే. జబ్బుతో ఉన్న మనిషిని భయపెట్టి తొందరపెడితే, అతడు ఆలోచించకుండా మందులు కూడా మానేస్తాడు.

వందల మందిలో ఒక ప్రశ్న

మా వీధిలో ఉండే ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. అరవై దాటిన వయసు, పన్నెండేళ్లుగా మధుమేహం. ఉదయం, రాత్రి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటారు. గత ఏడాది ఇరవై ఒక్క రోజుల ఆన్‌లైన్ కోర్సు ఒకదానిలో చేరారు. రాత్రి భోజనం పూర్తిగా మానేయమన్నారు, మానేశారు. మాత్ర మాత్రం మానలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. ఆయన భార్య తెలివైన మనిషి. గ్లూకోమీటరుతో చూస్తే 46 వచ్చింది. వెంటనే పంచదార నీళ్లు తాగించి నాకు ఫోను చేశారు. ప్రాణం నిలిచింది.

తరువాత ఆయన ఫోను చూపించారు. రెండవ రోజునే కోర్సు వాట్సాప్ గ్రూపులో ఆయన రాశారు: "రాత్రి అన్నం మానేశాను, రాత్రి మాత్ర వేసుకోవాలా వద్దా, దయచేసి చెప్పండి." ఆ గ్రూపులో ఆరు వందల మందికి పైగా ఉన్నారు. ఆయన ప్రశ్న పైన, కింద అంతా చప్పట్ల బొమ్మలు, బరువు తగ్గిన ఫొటోలు. సమాధానం లేదు. "అందరికీ తగ్గుతోంది కదండీ, నా ఒక్కడి గొడవ ఎందుకని మళ్లీ అడగలేదు" అన్నారాయన.

బోధించినవాడు దుర్మార్గుడని నేను అనను. రాత్రి తక్కువ తినడం చాలామందికి మంచిదే. కానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. భోజనం మానేసినవాడు ఆ మాత్ర వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఆ ప్రమాదం చాలా తక్కువ. ఒకే సలహా, ఇద్దరు రోగులు, రెండు ఫలితాలు.

ఇటువంటివి ఇంకా ఉన్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారు పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే, చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం ఉంది. గుండె కవాటం మార్పిడి జరిగి వార్ఫరిన్ వాడేవారు ఉన్నట్టుండి ఆకుకూరలు విపరీతంగా పెంచితే మందు పనిచేయడం తగ్గుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారికి కొబ్బరినీళ్లు, పళ్లరసాలు పొటాషియాన్ని పెంచి గుండె లయను దెబ్బతీయవచ్చు. తోటకూర, కొబ్బరినీళ్లు మంచివని చెప్పడం తప్పా? కాదు. ఎవరికి చెబుతున్నామో తెలియకుండా చెప్పడమే తప్పు.

ముప్పై మంది అయితే ప్రతి ఒక్కరి మందుల చీటీ చదవవచ్చు. ఆరు వందల మంది అయితే ఎవరూ చదవరు. అందుకే తక్కువ మంది ఉండటం రక్షణ అన్నాను.

నయం చేస్తామన్న మాట

కోర్సు పేరులోనే "మధుమేహం మాయం", "మాత్రలకు సెలవు" అని పెట్టడం ఇప్పుడు పరిపాటి. కొంత సత్యం లేకపోలేదు. బ్రిటన్‌లో 2017లో ప్రచురితమైన డైరెక్ట్ అధ్యయనంలో, మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివారు, ఇన్సులిన్ వాడనివారు, రోజుకు సుమారు 850 క్యాలరీల ఆహారంతో బరువు తగ్గినప్పుడు, ఏడాది తరువాత 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉంది. రెండేళ్లకు అది 36 శాతమైంది. గమనించవలసినవి రెండు. వారి మందులను మాన్పించి, పర్యవేక్షించింది స్థానిక వైద్యశాలల సిబ్బంది. రెండేళ్ల తరువాత కూడా దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఆ ఫలితం దక్కలేదు. దీనిని ఉపశమనం అనవచ్చు, నయమవడం అనకూడదు. జబ్బు వచ్చి పదిహేనేళ్లయి, ఇన్సులిన్ మీద ఉన్నవారికి ఈ లెక్కలు వర్తించవు.

మన చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1954 నాటి ఔషధ, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఫలానా మందుతో మధుమేహం, స్థూలకాయం వంటి జబ్బులు నయమవుతాయని ప్రచారం చేయడాన్ని నిషేధించింది. కోర్సుతోపాటు పొడులు, కషాయాలు, డబ్బాలు అమ్మేవారు ఈ చట్టాన్ని ఒకసారి చదువుకోవడం మంచిది.

చిన్న కోర్సును ఎలా నిర్వహించాలి?

నన్ను అడిగిన మిత్రులకు చెప్పినవే ఇక్కడ క్రమంగా రాస్తున్నాను.

మొదటిది, విషయం ఇరుకుగా ఉండాలి. "సంపూర్ణ ఆరోగ్యం" అనే కోర్సు ఎవరికీ ఉపయోగపడదు. "పక్షవాతం వచ్చినవారిని ఇంట్లో చూసుకునేవారికి నాలుగు వారాల శిక్షణ" అన్నారనుకోండి. మంచం మీద పక్కకు తిప్పడం, పుండ్లు పడకుండా చూడటం, పొరపోకుండా తినిపించడం, చేతికి కాలికి వ్యాయామం చేయించడం: ఇవి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఎవరూ పూర్తిగా నేర్పరు. ఆ ఇంటి కోడలికో, కొడుకుకో ఈ శిక్షణ అమూల్యం. మధుమేహ రోగులకు పాదాల సంరక్షణ, కాన్పు తరువాత నడుము, పొత్తికడుపు వ్యాయామాలు కూడా ఇటువంటివే. ఇందులో అద్భుతాల వాగ్దానం అవసరం లేదు. అవసరమున్నవారు తామే వెతుక్కుంటూ వస్తారు.

రెండవది, వీడియోలు తయారుచేయకముందే చేరేవారిని అడగండి. తెలిసిన పదిమందికి ఫోను చేసి వారి కష్టమేమిటో వినండి. మొదటి విడతను పదిహేను, ఇరవై మందితో, ప్రత్యక్షంగా, వారానికి రెండు సాయంత్రాలు జరపండి. వారు అడిగిన ప్రశ్నలే రెండవ విడతకు పాఠ్యప్రణాళిక అవుతాయి. నెలల తరబడి వీడియోలు చిత్రీకరించి, ఆ తరువాత జనం కోసం ఎదురుచూడటం కంటే ఇది మేలు.

మూడవది, మన వంటింటి భాషలో చెప్పండి. అమెరికా వీడియోలలోని ఓట్లు, అవకాడోలు భవానీపురం ఇంటికి పనికిరావు. మూడు పూటలా అన్నం తినే డెల్టా మనిషికి అన్నం ఎంత తగ్గించాలో, పప్పు, గోంగూర ఎంత పెంచాలో, పెసరట్టులో ఉప్మా ఎందుకు వద్దో, పెళ్లి భోజనంలో ఎలా కూర్చోవాలో చెప్పాలి.

నాలుగవది, చేరేముందు ఒక పత్రం నింపించండి. వయసు, ఉన్న జబ్బులు, వాడుతున్న ప్రతి మందు పేరు, చివరి పరీక్షల ఫలితాలు, చూస్తున్న వైద్యుని వివరాలు అందులో ఉండాలి. ఇన్సులిన్ వాడేవారిని, గర్భిణులను, కిడ్నీ, గుండె జబ్బులున్నవారిని వారి వైద్యుని అనుమతి లేకుండా ఆహార మార్పుల కోర్సులో చేర్చుకోకండి. ఆ సమాచారాన్ని గోప్యంగా ఉంచండి. సంఖ్య ముప్పైకి మించనివ్వకండి.

ఐదవది, పాఠానికీ చికిత్సకూ మధ్య గీత దాటకండి. ఒక వ్యక్తి మందును మార్చమని చెప్పిన క్షణంలో అది చికిత్స అవుతుంది. 2020లో వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం దూరం నుంచి చికిత్స చేసే అధికారం నమోదైన వైద్యులకే ఉంది. ప్రకటనలతో రోగులను ఆకర్షించడానికి వారికీ అనుమతి లేదు. ఆరోగ్య విషయాలు చెప్పేవారు తమ అర్హతను స్పష్టంగా తెలపాలనీ, వైద్యులు కానివారు తమ మాటలు వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కావని చెప్పాలనీ 2023 ఆగస్టులో కేంద్రం సూచించింది. మీ డిగ్రీ ఏమిటో మొదటి పుటలోనే రాయండి. "డాక్టర్" అన్న రెండక్షరాల వెనుక ఏముందో తెలుసుకునే హక్కు రోగికి ఉంది.

రుసుము సంగతి

ఆరోగ్య జ్ఞానాన్ని అమ్మడమేమిటని కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. నేను ఉద్యోగమంతా ప్రభుత్వ ఆసుపత్రులలో చేసినవాణ్ణి. ఉచిత వైద్యం విలువ నాకు తెలుసు. కానీ ఉచిత పాఠాల అనుభవం మరో విషయం చెబుతోంది. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సులపై 2019లో వచ్చిన పరిశీలనలో, చేరిన ప్రతి వందమందిలో ముగ్గురే కోర్సు పూర్తిచేసినట్టు తేలింది. ధ్రువపత్రం కోసం డబ్బు కట్టినవారిలో మాత్రం దాదాపు సగం మంది పూర్తిచేశారు. కొంత చెల్లించినవాడు మధ్యలో వదలడానికి వెనుకాడతాడు. బోధకుడికి శ్రమఫలం దక్కితే పొడుల డబ్బాలు అమ్ముకునే అవసరం రాదు.

లెక్క చూద్దాం. ఉదాహరణకు పాతికమంది, ఒక్కొక్కరికి 1,500 రూపాయలు అనుకుంటే 37,500 రూపాయలు. ఎనిమిది తరగతులు, ప్రతి ఒక్కరితో విడిగా అరగంట చొప్పున, తయారీతో కలిపి యాభై గంటల శ్రమ అయితే గంటకు 750 రూపాయలు. దీనితో మేడలు కట్టలేరు, గౌరవంగా బతకవచ్చు. ఇరవై లక్షల లోపు వార్షిక ఆదాయం ఉన్న సేవలకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు కాబట్టి ఆ బెంగా లేదు. ప్రతి విడతలో ఇద్దరు ముగ్గురు పేదలకు ఉచితంగా చోటివ్వండి. మొదటి వారంలో నచ్చకపోతే డబ్బు తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా చెప్పండి, ఇవ్వండి.

ముప్పై మందితో ఎదుగుదల ఎలా అని అడుగుతారు. వెయ్యి మంది నిజమైన అభిమానులుంటే ఒక కళాకారుడు బతకగలడని అమెరికా రచయిత కెవిన్ కెల్లీ 2008లో రాశారు. వారిని ఒకేసారి కూర్చోబెట్టాలని ఆయన అనలేదు. ఏడాదికి ఎనిమిది విడతలు నడిపితే రెండు వందల నలభై మంది అవుతారు. ఒక ఫిజియోథెరపిస్టు ఏడాదికి అన్ని కుటుంబాలకు రోగిని పక్కకు తిప్పడం సరిగా నేర్పితే, అది చిన్న సేవ కాదు.

చేరబోయేవారికి

చివరగా, డబ్బు కట్టే పాఠకులకు నాలుగు మాటలు. బోధించేవారి అర్హత ఏమిటని అడగండి. ఈ విడతలో ఎంతమంది ఉన్నారని అడగండి. నా ప్రశ్నకు ఎవరు, ఎన్ని గంటల్లో సమాధానమిస్తారని అడగండి. నేను వాడుతున్న మందుల గురించి మీరు ఎందుకు అడగలేదని అడగండి. ఈ నాలుగింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ గడియారం ఎంత వేగంగా తిరిగినా డబ్బు కట్టకండి. మోసపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి.

ఏ కోర్సులో చేరినా, ఎవరు చెప్పినా, మీ వైద్యుణ్ణి అడగకుండా మాత్ర మానకండి. ఆహారం తగ్గించబోయే ముందు కూడా అడగండి. మాత్ర మోతాదు తగ్గించవలసి ఉండవచ్చు. తడబడుతూ, చెమటలు పడుతున్న మధుమేహ రోగికి స్పృహ ఉంటే ముందు మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. ఈ ఒక్క పాఠం మాత్రం ఎంతమందికైనా చెప్పవచ్చు.